ఉప్పు బ్యాటరీ వస్తోందంట, మన షెడ్డుకు ఎప్పుడు?



కత్తిరి ఎండల్లో తిరుత్తణి పేరు టీవీలో రాని రోజుండదు. పోయినేడు ఆ ఎండల్లోనే, నాలుగో జ్వరం లేచిన మూడో రోజు, నా షెడ్డులో ఇన్వర్టర్ చచ్చింది. కరెంటు లేదు, ఫ్యాన్లు లేవు, తడిపిన గోనెపట్టలే దిక్కు. 150 గుడ్ల పంటలో సగం కూడా గూడు కట్టలేదు. బ్యాటరీకి మూడేళ్లు నిండలేదు. అమ్మినాయన్ని అడిగితే ‘వేడికి అట్లే అవుతుందన్నా’ అన్నాడు. తిట్టుకున్నా గానీ అది అబద్ధం కాదు. లెడ్ బ్యాటరీ ఆయుష్షు 25 డిగ్రీల లెక్కన చెప్తారు. ఆపైన పది డిగ్రీలు పెరిగితే సుమారు సగమైపోతుంది.

అప్పట్నుంచి సోడియం బ్యాటరీ వార్త ఏదొచ్చినా చదువుతున్నా. చైనా సీఏటీఎల్ 2021లో మొదటిది చూపించింది, 2025 ఏప్రిల్‌లో నాక్స్‌ట్రా పేరుతో ఇంకోటి తెచ్చింది. మన రిలయన్స్ 2021 చివర్లో ఇంగ్లండు ఫారడియన్‌ను 10 కోట్ల పౌండ్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఈ పందెంలో పడిపోయినవాళ్లూ ఉన్నారు. అమెరికా నాట్రాన్ 2025 సెప్టెంబర్‌లో మూతపడింది. 2022 చివర్నుంచి లిథియం ధర బాగా దిగడంతో, సోడియం చవక అనే మాటకు బలం తగ్గింది.

సోడియం ఉప్పు నుంచే వస్తుంది, లిథియంలా దేశాలు తిరిగి వెతకక్కర్లేదు. (అత్తిపట్టు ఉప్పుమడుల్లో బ్యాటరీలు పండుతాయని ఎవరో ఫార్వర్డ్ చేశారు, నమ్మొద్దు. ఉప్పుకూ బ్యాటరీకీ మధ్య పెద్ద ఫ్యాక్టరీలే కావాలి.) దాని లోపం బరువు. అంతే కరెంటుకు లిథియం కంటే బరువెక్కువ. కారుకు అది ఇబ్బందే. మన బ్యాటరీ షెడ్డు మూలన కూర్చునేదేగా, బరువైతే మనకేం? అందుకే ఇది కార్లవాళ్లకంటే ముందు మనకు రావాల్సిన సరుకని నా వాదన.

అయితే ఒక చిక్కుంది. వాడేకొద్దీ సోడియం బ్యాటరీ ఓల్టేజీ చాలా కిందికి దిగుతుంది. ఇప్పుడున్న ఇన్వర్టర్‌కు తగిలిస్తే సగంలోనే ఆగిపోవచ్చు. ఇన్వర్టర్ కూడా మార్చాలంటే ఖర్చెవరిది?

పట్టుపరిశ్రమ శాఖవారికి నా మనవి ఒకటే. సబ్సిడీ జాబితాలో పెట్టేముందు, మే నెలలో తిరుత్తణి దగ్గర ఒక రైతు షెడ్డులో రెండు పంటలు నడిపి చూపండి. కంపెనీవాళ్లు మైనస్ 40 డిగ్రీల చలిలో పనిచేస్తుందని గొప్పగా చెప్తున్నారు, మనకు కావాల్సింది ప్లస్ 42 లెక్క.

ఈ ఎండాకాలానికి మాత్రం దానికోసం కాచుకోవద్దు. నేను పాత రకమే కొన్నా, పక్కింటాయనతో కలిసి చిన్న జనరేటర్ కూడా పెట్టాం. మీలో ఎవరైనా సోడియం బ్యాటరీ వాడి ఉంటే గ్రూపులో వాయిస్ పెట్టండి.