ఏడు సెకన్ల దరువు

పిల్లలూ! కరీంనగర్ పల్లెల్లో ఒగ్గుకథ చూసినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. వేములవాడ దగ్గరి హనుమాజీపేటకు చెందిన కీర్తిశేషులు మిద్దె రాములుగారు ఆ కళకు ఎంతో పేరు తెచ్చారు. కథకుడు మల్లన్న కథో, బీరప్ప కథో చెబుతూ చెబుతూ ఒకచోట ఆగుతాడు. పాట నిలిచిపోతుంది. డోలు ఒక్కటే మోగుతుంది! వెనక కునుకుతున్న తాతలు కూడా లేచి కూర్చుంటారు. ఆదిలాబాదు గోండు గూడేల్లో దండారి పండుగనాడు, నెమలీకల కిరీటాలు పెట్టుకున్న గుస్సాడీల కాళ్లను కదిలించేదీ దరువే.

అమెరికాలో నల్లజాతివారి 'సోల్' పాటల్లోనూ ఇలాంటి చోటు ఒకటి వస్తుంది. తక్కిన వాద్యాలన్నీ ఊరుకుంటాయి, డ్రమ్ములు మాత్రం కొన్ని క్షణాలు మోగుతాయి. దాన్ని వాళ్లు 'బ్రేక్' అంటారు. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్‌లో ఒక అమ్మాయి, బడికి వెళ్లడానికి కొత్త బట్టలు కొనుక్కోవాలని, డబ్బుకోసం ఆటపాటల విందు ఏర్పాటు చేసింది. రికార్డులు వేసినవాడు ఆమె అన్న, కూల్ హెర్క్. బ్రేక్ రాగానే జనం రెట్టింపు హుషారుగా గంతులు వేయడం అతను కనిపెట్టాడు. అయితే అది చిటికెలో అయిపోతుందే! అందుకని ఒకే రికార్డు రెండు ప్రతులు దగ్గర పెట్టుకుని, ఒకదానిలో బ్రేక్ ముగియగానే రెండోదానిలో అదే ముక్క వేసేవాడు. ఈలోగా మొదటిదాన్ని వెనక్కు తిప్పేవాడు. హిప్-హాప్ ఇలా మొదలైంది.

తరవాత యంత్రాలు వచ్చాయి. ధ్వని అంటే గాలిలో కదలిక గదా! ఆ కదలికను యంత్రం సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా దాచుకుంటుంది. సీడీలోనైతే 44,100 సార్లు! అంకెలు అరిగిపోవు, ఎన్నిసార్లు వేసినా దరువు చెక్కుచెదరదు. పాత పాటలోని ముక్కను ఇలా తీసి కొత్త పాటలో అతికిస్తే అది 'సాంపిల్', మన మాటలో మచ్చు.

అటువంటి మచ్చుల్లో బాగా పేరుమోసినది 1969 నాటి 'ఆమెన్, బ్రదర్' అనే పాటలోనిది. విన్‌స్టన్స్ బృందంలో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఆ దరువు ఏడు సెకన్లు మాత్రమే! అదీ రికార్డు వెనకవైపు పాట. వేలకొద్దీ పాటలు దాన్ని ఎత్తుకున్నాయి. ఒగ్గుకథలో అయితే డోలు వాయించేవాడు మన ఎదుటే ఉంటాడు. మెచ్చినవాళ్లు నోటు తీసి ఆయన చేతిలోనే పెడతారు. రికార్డులో చేతులు కనిపించవు మరి. 2015లో బ్రిటన్‌కు చెందిన ఒకాయన చందాలు పోగుచేసి, సుమారు 24,000 పౌన్లు ఆ బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు అందజేశాడు. కోల్‌మన్ అప్పటికి లేడు. 2006లోనే చనిపోయాడు. ఆ ఏడు సెకన్ల మచ్చులకు ఆయన చేతికి ఒక్క పైసా రాలేదు.