నీరు పల్లమెఱుగును

త్యాగరాయనగరమన్న మన వారికి అభిమానము మెండు. ఆ పేరు పిట్టి త్యాగరాయశెట్టిగారిది. నడుమనున్న ఉద్యానము పానగల్లు రాజాగారి పేరిటిది. కాని ఆ పేట వెలసినది చెఱువు కడుపున. నుంగంబాకము నుండి సైదాపేట వఱకు సాగిన పొడుగు చెఱువును 1923 ప్రాంతమున ఎండగట్టి వీథులు తీర్చిరి. పశ్చిమ మాంబళమున లేక్ వ్యూ రోడ్డు నేటికిని కలదు. చూచుటకు లేక్ లేదు!

అది నూఱేండ్ల నాటి మాట, పోనిండు. నేటి వారి తెలివి యేమైనది? పట్టణమునకు దక్షిణమున చెఱువులు ఒకదాని అలుగు పాఱి మఱొకటి నిండును. ఆ నీరు పళ్ళికరణై చిత్తడినేలకు దిగి, ఒక్కియం మడుగు, బకింగుహాము కాలువల వెంట కోవళము కడ సముద్రమును చేరవలెను. ఆ దారికి అడ్డముగా ఇండ్లు లేచినవి. 2015 డిసెంబరులో వేళచ్చేరి మునిగినది. 2022లో ఆ చిత్తడినేలకు రామ్‌సార్ గుర్తింపు వచ్చినది. మఱుసటి యేడు మిచాంగ్ తుపానుకు ఆ పేటలే మరల మునిగినవి.

మన వారును పట్టా చూతురు, వాస్తు చూతురు. ఈశాన్యము పల్లమా యని అడుగువారు, ఊరికంతకును ఆ స్థలమే పల్లమా యని అడుగరు!

స్థలము సముద్రమట్టమునకు ఎంత యెత్తు, వాననీరు ఎటు వచ్చి ఎటు పోవును, అడుగున ఇసుకయా బంకమన్నా అను సంగతులు కొలిచి లేఔటు పటము మీద చూపనిదే అధికారులు అనుమతి నీయరాదు. మట్టి పోసి మెరక చేసితిమందురా? ఆ నీరు పొరుగువాని గడప యెక్కును. స్థలము కొనబోవువారు కార్తికమాసపు జడివానలో ఒకమారు పోయి చూడుడు. రిజిస్ట్రేషనుకు తొందరపెట్టువానిని అంతవఱకు ఆగుమనుడు.