తిప్పతీగ: పేరు ఒక్కటే చాలదు

కాకినాడ చుట్టుపక్కల ఊళ్ళలో తిప్పతీగను మీరు చూసే ఉంటారు. దడుల మీద, కాలువగట్ల చెట్ల మీద, వేపచెట్ల మీద అల్లుకుపోతుంది. ఆకులు తమలపాకుల్లా ఉంటాయి. కొమ్మల నుంచి సన్నని వేళ్ళు దారాల్లా వేలాడుతుంటాయి. తీగను మొదట్లో నరికినా వెంటనే చావదు. పైభాగం నుంచి వేళ్ళు దింపి, నేలను అందుకొని బతుకుతుంది. సంస్కృతంలో దీనికి 'ఛిన్నరుహ' అని పేరు. అంటే నరికినా మొలిచేది. గుడూచి, అమృత అన్నా ఇదే. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు టినోస్పోరా కార్డిఫోలియా.

జ్వరానికి దీని కాండంతో కషాయం కాచి ఇవ్వడం పాత వాడుక. కామెర్లకు, మధుమేహానికి కూడా ఇచ్చేవారు. కాండాన్ని దంచి, నీళ్ళలో పిసికి, అడుగున దిగిన తెల్లని పిండిని ఆరబెడితే అదే తిప్పసత్తు. ఈ తీగ రక్తంలో చక్కెరను తగ్గించగలదని జంతువులపై జరిపిన ప్రయోగాల్లో కనిపించింది. అయితే ఎలుకలో కనిపించినంత మాత్రాన మనిషిలో రుజువైనట్లు కాదు.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. రోగనిరోధకశక్తి పెరుగుతుందని ఎందరో తిప్పతీగ కషాయాన్ని వారాలు, నెలల తరబడి తాగారు. కాలేయం దెబ్బతిన్న కొందరు రోగుల గురించి 2021లో ముంబాయి వైద్యులు ప్రకటించారు. 2022లో దేశంలోని 13 వైద్యకేంద్రాల వారు ఇలాంటి 43 మంది వివరాలు వెల్లడించారు. ఈ తీగ సురక్షితమైనదేనని, దీన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే మరో తీగతో పొరబడరాదని కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ బదులిచ్చింది. ఆ రెండో తీగ కాండం మీద బుడిపెలుంటాయి.

"తాతల నాటి నుంచి వాడుతున్నాం, ఇప్పుడేమవుతుంది?" అని మీ ఇంట్లో ఎవరైనా అనవచ్చు. ఒక్కసారి ఆలోచించండి. మందు తాగిన వెంటనే వాంతి అయితే కారణం ఎవరికైనా తెలుస్తుంది. కొన్ని వారాలకు, వెయ్యి మందిలో ఏ ఒక్కరికో కామెర్లు వస్తే తీగను ఎవరు అనుమానిస్తారు? కామెర్లకు అదే మందు కదా అని మరో గ్లాసు తాగిస్తారు! ఇలాంటి హాని ఒక్క ఇంటి అనుభవానికి అందదు. అనేకమంది రోగుల లెక్కలు ఒకచోట చేర్చి చూస్తేనే బయటపడుతుంది.

అలాగని పాత వైద్యాన్ని తోసిపుచ్చడమూ సరికాదు. దక్షిణ అమెరికా అడవివాసులు బాణాలకు పూసే క్యురారే విషం తిప్పతీగ కుటుంబానికే చెందిన ఒక తీగలో ఉంది. 1935లో హెరాల్డ్ కింగ్ దాని నుంచి ట్యూబోక్యురారిన్‌ను వేరుచేశాడు. 1942లో మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్ శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించడానికి క్యురారేను వాడాడు. వేటగాళ్ళ విషం కొలతకు లొంగి మందు అయింది.

కొలత మన వైద్యులకు తెలియనిది కాదు. మోతాదు, అనుపానం, పథ్యం చెప్పకుండా వారు మందు ఇచ్చేవారు కాదు. 2020లో మనం తీగ పేరు మాత్రం పట్టుకొని ఆ మూడింటినీ వదిలేశాం. నా ఉద్దేశంలో ఇది సంప్రదాయమూ కాదు, విజ్ఞానమూ కాదు. పాత వాడుక మనకొక మంచి ప్రశ్నను ఇస్తుంది. జవాబు మాత్రం పరీక్షే చెప్పాలి.

మీరు చేయదగిన పని ఒకటుంది. మీ ఊరి పెద్దలను అడిగి ఒక నోటుపుస్తకంలో రాయండి: ఏ తీగ, ఏ భాగం, ఎంత, ఎన్ని రోజులు, ఎవరికి ఇవ్వకూడదు? పక్కనే ఒక ఆకును అంటించి మీ జీవశాస్త్రం మాస్టారికి చూపించండి. రుచి మాత్రం చూడకండి. ఆ పెద్దలు ఉండగానే అడగండి. తీగను నరికినా మళ్ళీ మొలుస్తుంది గాని, రాయకుండా పోయిన వివరం మళ్ళీ రాదు.