సర్పికి మందు మూడు రోజుల్లోపే

నందిగామలో మందుల షాపు నడిపే నాకు సర్పి వచ్చిన మనిషి దూరం నుంచే తెలుస్తాడు. చొక్కా ఒంటికి తగలకుండా ఎత్తి పట్టుకుని వస్తాడు. లోపల నడుముకు ఒక పక్కన నీటి పొక్కులు, వాటి మీద ఎర్రమట్టి పూత. "మంత్రం వేయించాం, మంట తగ్గలేదు. నొప్పి బిళ్ల ఇవ్వండి" అంటాడు. ఎన్ని రోజులైందని అడిగితే వారం దాటిందంటాడు. పెనుగంచిప్రోలు, వత్సవాయి, జగ్గయ్యపేట, ఏ వైపు నుంచి వచ్చినవాళ్లదైనా ఇదే మాట.

నేను చెప్పేది ఒకటే. పొక్కులు కనబడిన 3 రోజుల్లోపు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ గడువు ఎందుకో తెలిస్తే ఎవరూ ఆలస్యం చెయ్యరు.

సర్పి కొత్తగా అంటుకునేది కాదు. ఎప్పుడో ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో చేరిన వైరసే అది. పొక్కులు మాడి, వేపాకు నీళ్లు పోశాక కూడా వెన్నుపూస పక్కనుండే నరాల ముడుల్లో ఏళ్ల తరబడి పడుకుంటుంది. వయసు మీదపడినా, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినా లేచి, ఆ నరం వెంబడే చర్మం మీదికొస్తుంది. అందుకే సాధారణంగా ఒక పక్కనే ఆగిపోతుంది. పొక్కులు నడుము చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందన్న భయానికి ఆధారం లేదు.

లేచిన వైరస్ తన డీఎన్ఏకి నకళ్లు తీయడం మొదలుపెడుతుంది. దాదాపు 1,25,000 జతల అక్షరాలున్న ఆ డీఎన్ఏ మన కణ కేంద్రకంలో వలయంలా ఉంటుంది. నకలు తీసే పాలిమరేజ్ ఎంజైమును వైరస్సే తయారు చేయించుకుంటుంది. రాట్నం తిరిగేకొద్దీ నూలు సాగినట్టు, వలయం నుంచి నకళ్లు ఒకదాని వెనక ఒకటి అతుక్కుని పొడుగాటి పోగులా వస్తాయని శాస్త్రవేత్తల అవగాహన. ఆ పోగు ముక్కలై, ఒక్కో ముక్క ఒక్కో గుల్లలో చేరి కొత్త వైరస్ అవుతుంది.

ఎసైక్లోవిర్ దెబ్బకొట్టేది ఇక్కడే. డీఎన్ఏ అక్షరాల్లో ఒకదాన్ని పోలిన పదార్థమిది. వైరస్‌దే మరో ఎంజైము దీనికి మొదటి ఫాస్ఫేట్ తగిలించి పనిలోకి దింపుతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న కణాల జోలికి పెద్దగా పోదు. పోగులో ఇది చేరాక దీని వెనక మరో అక్షరం అతకదు, నకలు అక్కడితో తెగిపోతుంది. నకళ్లు జోరుగా సాగే తొలి రోజుల్లోనే దీని బలం. నరం దెబ్బతిన్నాక బాగుచేసే శక్తి దీనికి లేదు. పొక్కులు మానినా నెలల తరబడి నొప్పి మిగిలిపోవచ్చు. ముక్కు కొసన, కంటి దగ్గర వస్తే చూపుకే ముప్పు. అప్పుడు ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ మందు వెనక పరిశోధన నడిపిన గెర్ట్రూడ్ ఎలియన్‌కు, ఆమె సహచరుడు జార్జ్ హిచింగ్స్‌కు 1988లో నోబెల్ వచ్చింది. హిచింగ్స్ హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చదువుకున్నారు. ఆ ఫిస్క్‌తో కలిసే భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వెలికితీశారు. అంతటి విద్య నుంచి పుట్టిన బిళ్ల మన పత్తి చేలో కూలికి వేళకు అందకపోవడం అన్యాయం.

ఎర్రమట్టి పూసేవారిని నేను తిట్టను. జనం ముందు వెళ్లేది వాళ్ల దగ్గరికే కాబట్టి, "ముందు డాక్టరుకి చూపించుకుని రా" అని వాళ్లే చెబితే చాలా మేలు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ ఈ గడువు చెప్పాలి. ప్రతి పీహెచ్‌సీలో ఎసైక్లోవిర్ నిల్వ ఉండాలి. నా తోటి షాపులవాళ్లు నొప్పి బిళ్ల చేతిలో పెట్టి పంపకుండా, ఎన్నో రోజని అడిగి డాక్టరు దగ్గరికి పంపాలి.