కాచిగూడ స్టేషన్ ఎవరి ఖజానాతో కట్టారు?

సికింద్రాబాద్ స్టేషన్ పాత ముందుభాగాన్ని 2025లో కూలగొట్టినప్పుడు మన వాళ్ల మెసేజ్‌లతో ఫోన్ ఊరుకోలేదు. 'నిజాం నిషానీలు ఒక్కొక్కటే చెరిపేస్తున్నారు భాయ్' అని కొందరి గమ్. 'పోతే పోయింది, నవాబుల గుర్తులు మనకెందుకు' అని ఇంకొందరి ఖుషీ. చూడబోతే రెండు జమాత్‌లదీ ఒకటే నమ్మకం, స్టేషన్లన్నీ నవాబు గారు తన జేబులోంచి తీసి ఇచ్చిన బక్షీస్ అని. తారీఖ్ తిరగేస్తే అలా లేదు.

సోంపేట వాళ్లకి ఈ బహస్ దేనికి అంటారేమో. నిజమే, మన చికాకోల్ సర్కారును నిజాం అలీ ఖాన్ 1766లోనే ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చేశాడు. మన పట్టాలు ఈస్ట్ కోస్ట్ రైల్వే వాళ్లు 1890లలో వేసినవి. నిజాం పైసా ఒక్కటీ ఇటు రాలేదు. (మన స్టేషన్ సంగతి చెప్పాలంటే, పేరు సోంపేట, ఉండేది కంచిలిలో.) కానీ ఉద్దానంలో ఏ వీధిలో అడిగినా హైదరాబాద్‌లో కొడుకో అల్లుడో ఉన్న ఇల్లు దొరుకుతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేశాక మరీను. తుఫానుకేమో సీతాకోకచిలుక పేరు! పలాసలో ఫలక్‌నుమా ఎక్కినా, విశాఖలో బండి మారి కాచిగూడలో దిగినా, ఆ షహర్‌లో మన మజ్దూర్ మొదట అడుగుపెట్టేది స్టేషన్‌లోనే. అందుకే ఈ ముచ్చట మనదీ.

హైదరాబాద్ రియాసత్‌లో మొదటి రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నడిచింది. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఎనిమిదేళ్లు. హుకూమత్ నడిపింది దివాన్ సాలార్‌జంగ్. రైలు కావాలని పట్టుబట్టింది ఇంగ్లీషు వాళ్లు, సికింద్రాబాద్ ఛావునీకి ఫౌజ్‌ని చేర్చడానికి. ఖర్చు మాత్రం రియాసత్ నెత్తిన పడింది. రియాసత్ ఖజానా అంటే ఏమిటి? మరాఠ్వాడాలో, తెలంగాణలో, కర్ణాటక జిల్లాల్లో రైతు కట్టిన మాల్‌గుజారీ. ఆ రైతుల్లో హిందువులే ఎక్కువ, ముసల్మానులూ ఉన్నారు. పన్ను వసూలుకొచ్చినవాడు ఎవరినీ మజ్‌హబ్ అడిగి వదిలిపెట్టలేదు.

1883లో కథ ఇంకా ముదిరింది. లండన్‌లో ఒక కంపెనీ పెట్టి, రైల్వేని దాని చేతికిచ్చి, పెట్టుబడి పెట్టినవాళ్లకు 20 ఏళ్ల పాటు ఏటా 5 శాతం సూద్ గ్యారంటీ చేసింది రియాసత్. నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరులో 'గ్యారంటీ' అంటే అదీ. రైలుకు లాభం వచ్చినా రాకపోయినా లండన్ సాహెబ్‌కు సొమ్ము ముట్టాల్సిందే. చాందా వైపు లైను పొడిగించే ఆ పథకాన్ని షహర్‌లో చదువుకున్నవాళ్లు నిలదీశారు. లెక్కలు బయటపెట్టండి, రియాయాకు చెప్పి చేయండి అన్నారు. వాళ్లలో డాక్టర్ అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఉన్నారు, సరోజినీ నాయుడి వాలిద్. ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఉన్నారు. ఒక బెంగాలీ బ్రాహ్మణుడు, ఒక ముసల్మాన్ ఆలిమ్ ఒకే సవాల్ వేశారు. అఘోరనాథ్‌ను నౌకరీ నుంచి తప్పించి షహర్ బయటకు పంపేశారు. ఈ ఇద్దరి జిక్ర్ మన ఇళ్లల్లో ఎప్పుడైనా విన్నామా? మీర్ సాహెబ్ వజ్రాల కిస్సాలు మాత్రం పిల్లలకు కూడా కంఠతా వచ్చు. కంపెనీ చేతిలోంచి రైల్వేని రియాసత్ మళ్లీ కొనుక్కున్నది 1930లో. తాను గ్యారంటీ ఇచ్చి నడిపించినదాన్నే మళ్లీ డబ్బిచ్చి కొనుక్కుంది!

ఇక కాచిగూడ. 1916లో, ఉస్మాన్ అలీ ఖాన్ జమానాలో తయారైంది. నడుమ పెద్ద గుంబద్, పక్కల చిన్న గుంబద్‌లు, మినార్లు. దూరం నుంచి చూస్తే ఏ నవాబు హవేలీయో అనిపిస్తుంది. నాకు మాత్రం గుంబద్ కన్నా పక్క హాళ్లే ముఖ్యం. పర్దా పాటించే ఆడవాళ్లు మగవాళ్ల గుంపులో నలగకుండా బండి ఎక్కడానికి వాటిని కట్టారు. పర్దా మంచిదా కాదా అన్న బహస్ వేరు, ఇంకోసారి చేసుకుందాం. వందేళ్ల కిందట ఒక స్టేషన్ నక్షా గీసేటప్పుడు ఒంటరిగా నిలబడే ఆడ ముసాఫిర్ ఒకరి ఖయాల్‌లో ఉంది. ఇవాళ? మన వైపు నుంచి వలసపోయే అక్కచెల్లెళ్లు, చీర కట్టినవాళ్లూ బురఖా వేసుకున్నవాళ్లూ, అర్ధరాత్రి బండి కోసం ప్లాట్‌ఫాం నేల మీద దుప్పటి పరుచుకుని, సంచి తలకింద పెట్టుకుని పడుకుంటున్నారు. సికింద్రాబాద్‌లో సుమారు 700 కోట్ల కొత్త ఇమారత్ లేస్తోంది. అందులో జనరల్ టికెట్ ముసాఫిర్ నడుం వాల్చడానికి ఎంత చోటు ఇస్తారన్నది నా సవాల్. అద్దాల గోడలు ఎన్ని పెట్టారో తర్వాత చూద్దాం.

కాచిగూడను కాపాడమని మన జమాత్‌లు అర్జీలు పెడితే నేనూ దస్తఖత్ చేస్తాను. 'మా నవాబు నిషానీ' అని రాస్తే మాత్రం చేయను. అలా రాసిన రోజున రేపు ఎవరైనా 'మీ నవాబుది కదా, మాకెందుకు' అని గునపం పట్టుకొస్తే జవాబుండదు. అది రియాయా సొమ్ము, రైతు చెమట. ఎవరి ఖైరాతూ కాదు, ఎవరి ముందూ షర్మిందా అయ్యే పనీ లేదు. పైకం కట్టినవాడి వారసుడిగా హక్ అడగాలి.

అర్జీలో రెండు మాటలు చేర్చండి. ఆ పక్క హాళ్లను రాత్రి బండ్ల కోసం కాచుకునే ఆడవాళ్లకు, వాళ్ల పిల్లలకు ఇవ్వమని. స్టేషన్‌లో ఎప్పుడైనా తారీఖ్ చెప్పే పలక పెడితే, నిజాం పేరు కింద మాల్‌గుజారీ కట్టిన రైతుల మాట, అఘోరనాథ్, అబ్దుల్ ఖయ్యూంల పేర్లు కూడా తెలుగులో, ఉర్దూలో రాయమని.