అంగడిలో కొనడమా, తపాలాలో తెప్పించడమా?

కెమెరాను చేతపట్టి చూడక కొనడం గుడ్డెద్దు చేలో పడినట్లని పెద్దలు కొందరంటారు. వెల తక్కువకు ఇంటికే వచ్చేదానిని విడిచి ఊరి అంగడికి పోవడం తెలివితక్కువ అని యువకులు కొందరంటారు. ఈ రెండు మాటలలోనూ ఉన్నది సగం సత్యమే.

ఈ వివాదం కొత్తది కాదు. భారతదేశంలో 1877లో వి.పి.పి. పద్ధతి మొదలైన నాటినుంచీ దూరపు సరకు పల్లె గడపకు వస్తూనే ఉన్నది. అయితే ఆ పద్ధతిలో ముందు పైకం చెల్లించి, పిమ్మట పొట్లం విప్పవలసి వచ్చేది. లోపలిది కోరిన వస్తువో కాదో అప్పుడుగాని తెలిసేది కాదు. నేడు ఉత్తరానికి బదులు అంతర్జాలంలో సరకు కోరుతున్నారు. కొన్నవానికి చట్టం అండ కూడా లభించింది. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం విక్రయ సంస్థ ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, కొన్నవాడు తాను నివసించే జిల్లాలోనే కమిషన్‌ను ఆశ్రయించే హక్కునిచ్చింది. కెమెరా అంగడి లేని పల్లెటూరి విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు.

కాని కెమెరా పుస్తకం వంటిది కాదు. పుస్తకాన్ని ఎక్కడ కొన్నా అవే అక్షరాలు. కెమెరా అట్లా కాదు. ఒకరి పిడికిలికి ఒదిగినది మరొకరికి బరువు. ఒక కంపెనీ లెన్సు మరొక కంపెనీ కెమెరాకు సాధారణంగా సూటిగా అమరదు. ఒకరు వాడిన లెన్సయితే దీపానికి ఎదురుగా పట్టి, లోపల బూజు తీగలున్నవేమో చూడాలి. కాకినాడ, విశాఖపట్నం వంటి తేమగాలి గల తీరపట్టణాలలో ఈ భయం మరీ హెచ్చు. అనుభవజ్ఞుడైన అంగడివాడు వీటిని క్షణంలో చూపగలడు. అంతర్జాలంలోని బొమ్మ చూపలేదు.

ఇక్కడనే ఒక ధర్మసందేహం పుడుతున్నది. అంగడిలో గంటసేపు నిలిచి, నాలుగు కెమెరాలు చేతపట్టి, సందేహాలన్నీ తీర్చుకొని, వెల కొంత తక్కువని ఇంటికి పోయి వేరొకచోట తెప్పించుకొనేవారున్నారు. చట్టం దీనిని తప్పనదు. కాని ఒకరివద్ద చదువుకొని గురుదక్షిణ మరొకరికి ఇచ్చినట్లున్నది ఈ వ్యవహారం. ఇట్టివారు పెరిగితే అంగడి మూతపడుతుంది. షట్టరు చెడిననాడు చూపించుకొనడానికి ఊళ్లో మనిషి ఉండడు.

అంగడివారు మాత్రం నిర్దోషులా? బిల్లడిగితే మొగం చిట్లించేవారు, హామీపత్రంపై ముద్ర వేయనివారు, కెమెరాతోపాటు అక్కరలేని సంచిని, స్టాండును అంటగట్టేవారు లేకపోలేదు. అట్టివారిని విడిచిపోయిన గిరాకీని నిందించి లాభం లేదు.

కనుక పాఠశాలకు కెమెరా కొనబోయే ఉపాధ్యాయుడు తనకు తానే ఒక ప్రశ్న వేసుకోవాలి: కావలసినది వస్తువు మాత్రమేనా, సలహా కూడానా? లెన్సు మూత, మెడపట్టీ వంటివి ఏది కావాలో ముందే తెలిసినప్పుడు నిశ్చింతగా తెప్పించుకోవచ్చు. మొదటి కెమెరాను, వాడిన లెన్సును మాత్రం చూచి కొనడం మేలు. ఏ దారిన కొన్నా బిల్లు భద్రపరచాలి. వెల తక్కువచోట కొనడం వివేకమే. ఒకరి విద్యను ఉచితంగా గ్రహించి, పైకం మరొకరికి చెల్లించడం వివేకమనిపించుకోదు. ఈ భేదం బడిలో నేర్పదగిన పాఠాలలో ఒకటి.