ఉంగరం లేని శకుంతల

ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. కంప్యూటరు సంగతులు నీకెందుకయ్యా అని పాఠకులు అడగవచ్చు. నిజమే. కిందటేడు మార్కుల గొడవ నా నెత్తిమీదికి రాకపోతే నాకూ అక్కర్లేకపోయేది.

మా కాలేజీలో ఇంటర్నల్ పరీక్షల మార్కులు ఇప్పుడు కాగితం మీద రాసివ్వడం లేదు. దానికో వెబ్‌సైటు ఉంది. పేరూ పాస్‌వర్డూ కొట్టి లోపలికి వెళ్ళి, ఎవరి సబ్జెక్టు మార్కులు వాళ్ళు ఎక్కించాలి. ఓ సాయంత్రం నా పని ముగించుకుని కూర్చున్నాను. మా చరిత్ర మాస్టారు ఫోను చేసి, "ఆ సైటు ఎక్కడుందో దొరకడం లేదండీ, కాస్త పంపించి పుణ్యం కట్టుకోండి" అన్నారు. అదెంత పని! తెరమీద పైన కనిపించే అడ్రసు వరసను ఉన్నదున్నట్టు కాపీ చేసి పంపాను.

ఆయన దాన్ని నొక్కారు. సైటు ఆయన్ని పేరు అడగలేదు, పాస్‌వర్డు అడగలేదు. తిన్నగా తీసుకుపోయి బి.ఏ. రెండో సంవత్సరం పట్టిక ముందు కూర్చోబెట్టింది. నేను పాఠం చెప్పేదీ ఆయన పాఠం చెప్పేదీ ఆ పిల్లలకే. రోల్ నంబర్లు అవే. గడుల్లో అప్పటికే అంకెలు కనిపిస్తే, పాత పరీక్షవి కాబోలుననుకుని, వాటిమీద తన చరిత్ర మార్కులు కొట్టేసి, సబ్మిట్ నొక్కి, హాయిగా నిద్రపోయారు.

నాలుగోనాడు ఒక అమ్మాయి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. తెలుగులో 25కి 23 తెచ్చుకున్న పిల్ల. "మాస్టారూ, నాకు 9 పడ్డాయి" అంది. అంతకుమించి గొంతు పెగల్లేదు. తండ్రి ఆటో నడుపుతాడు. ఆ పిల్ల ఫీజు కట్టే దాతలు మార్కులు చూసిగాని రెండో విడత డబ్బు ఇవ్వరు. నేను వెయ్యలేదమ్మా అన్నాను. ఆఫీసుకు వెళ్ళి చూస్తే, మార్చింది నేనేనని నా పేరు, తారీఖు, గంట, నిమిషంతో సహా రాసి ఉంది. అది నా దస్తూరీ కాదని వాదించుకుందామంటే అక్కడ దస్తూరీ అనేదే లేదాయె! పదకొండు రోజులు సంజాయిషీలు రాసుకుంటూ తిరిగాను.

ఆ మధ్యలోనే మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. వెబ్‌సైట్లు కట్టడమే వాడి ఉద్యోగం. నేను పంపిన అడ్రసు చూసి నవ్వాడు.

"మావయ్యా, ఈ ప్రశ్నార్థకం తరవాత పొడుగాటి అక్షరాల తోక చూశావా? ఇదే నువ్వు. ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే నువ్వు. దీన్ని కట్టినవాడెవడో కుకీలు వాడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు."

కుకీ అంటే నాకు తెలిసింది బేకరీలో బిస్కత్తు. ఆ రాత్రి భోజనాలయ్యాక వాడు చెప్పుకొచ్చిన సంగతి, నాకు అర్థమైనంతవరకు, ఇదీ.

జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్‌లీ 1989లో ఈ వెబ్ అనేదాన్ని తలపెట్టినప్పుడు, అది శాస్త్రజ్ఞులు ఒకరి కాగితాలొకరు చదువుకోవడానికి. పుట అడిగితే సర్వరు ఇస్తుంది. ఇచ్చిన మరుక్షణం అడిగినవాణ్ణి మరిచిపోతుంది. రెండో పుట అడిగితే మళ్ళీ కొత్త మొహమే. చదువుకోవడానికైతే అది చాలు. బేరసారాలకూ మార్కులకూ చాలదు.

"ఇదేదో దుర్వాసుడి శాపంలా ఉందిరా" అన్నాను.

"సరిగ్గా అంతే. అందుకే ఉంగరం కావలసివచ్చింది."

ఆ ఉంగరమే కుకీ. నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ 1994లో దాన్ని కల్పించాడు. మనం పాస్‌వర్డు చెప్పి గుమ్మం దాటగానే సర్వరు ఒక చీటీ ఇస్తుంది. బ్రౌజరు దాన్ని దాచి, ఆ సైటును ఏ పుట అడిగినా వెంట చూపిస్తుంది. మనకు కనిపించదు, అడ్రసు వరసలో ఉండదు. నేను పంపినట్టు ఎవరికో పొరపాటున పంపే వీలు లేదు.

మరి ఇంత ఉపకారికి చెడ్డపేరెందుకు? ప్రకటనల కంపెనీలు ఇదే చీటీని అడ్డం పెట్టుకుని, మనం ఏ సైటు తరవాత ఏ సైటుకు పోతున్నామో వెంటబడి చూశాయి. దానిమీదే యూరపువాళ్ళు 2002లో నిబంధన తెచ్చి, 2009లో దాన్ని బిగించారు. కుకీలకు ఒప్పుకుంటారా అని సైట్లు మనల్ని వేధించడం అందువల్లే. కానీ ఆ నిబంధనలోనే, మనం కోరిన పని జరగడానికి తప్పనిసరైన చీటీకి మినహాయింపు ఉంది. లాగిన్ చీటీ ఆ కోవలోదే. మా సైటు కట్టినవాడు అంతవరకు చదివినట్టు లేదు. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నాడు.

"అయితే ఉంగరం లేకుండా కుదరనే కుదరదా?" అన్నాను. తెలుగు మాస్టర్ని కదా, నా పట్టుదల నాది. కాళిదాసు శకుంతలకు ఉంగరం ఉంది గాని, వ్యాసుడి శకుంతలకు లేదు, మన నన్నయగారి శకుంతలకూ లేదు. అయినా కథ సుఖాంతమే.

కుదురుతుందన్నాడు. దారులు వేళ్ళమీద లెక్కపెట్టాడు.

మొదటిది మా సైటువాడి దారి: చీటీని అడ్రసులోనే అతికించడం. ఆ అడ్రసు బ్రౌజరు చరిత్రలో నిలిచిపోతుంది, సర్వరు లెక్కల్లో పడుతుంది. ఆ పుటలోంచి ఇంకో సైటుకు వెళ్ళేటప్పుడు, "ఎక్కడినుంచి వచ్చాడు" అనే వరసలో అదీ బయటికి పొక్కవచ్చు. ఈ వరసను ఇంగ్లీషులో 'రెఫరర్' అంటారట. మొదట్లో ఎవరో స్పెల్లింగులో ఒక 'ఆర్' మింగేస్తే, 1996 నాటి ప్రమాణ పత్రంలోనూ తప్పుతోనే అచ్చయి, ఈనాటికీ అలాగే నడుస్తోంది. మా విద్యార్థులకు ఈ మాట చెప్పను, చెబితే తప్పులు దిద్దనివ్వరు.

రెండోది, ప్రతి పుటలోనూ చీటీని కనిపించని గడిలో పెట్టి, మీట నొక్కినప్పుడల్లా తిరిగి పంపించుకోవడం. అడ్రసులో కనబడదు గాని, మీట నొక్కకుండా మామూలు లింకు మీద పోయామో, దారం తెగినట్టే.

మూడోది, బ్రౌజరే పేరూ పాస్‌వర్డూ గుర్తుపెట్టుకుని పుటపుటకూ వాటినే పంపడం. ఇదీ పాతకాలపు పద్ధతే. తాళం వేసిన దారిలో, అంటే హెచ్.టి.టి.పి.ఎస్. మీద అయితేనే ఇది పనికొస్తుంది. లేకపోతే దారిలో ఎవరైనా చదివేస్తారు. పైగా బయటికి రావడానికి సరైన తలుపు లేదు. బ్రౌజరు మూసేస్తే గాని మరిచిపోదు.

నాలుగోది ఇప్పటి కుర్రకారు ముచ్చట: పుటలో నడిచే ప్రోగ్రామే చీటీని దాచి, అడిగినప్పుడల్లా తానే జతచేస్తుంది. ఒక మేలు ఉంది. కుకీ అయితే బ్రౌజరు దానంతటదే పంపేస్తుంది గనక, ఇంకో సైటువాడు మాయచేసి మన పేరుతో పని జరిపించే ప్రమాదం ఉంది. ఇందులో ఆ బెడద లేదు. కానీ చీటీని బ్రౌజరు అరలో దాస్తే, ఆ పుటలోకి దొంగతనంగా దూరిన ఏ ప్రోగ్రామైనా దాన్ని చదివేస్తుంది. కుకీకైతే, ప్రోగ్రాముల కంట పడకుండా ముసుగు వేసే ఏర్పాటు 2002 నుంచీ ఉంది.

అయిదోది వినగానే నేను లేచి కూర్చున్నాను. మనకు ఒక రహస్యపు తాళంచెవి ఉంటుంది. దానికి జత ఫలానావారిదేనని, అందరూ నమ్మే ఒక సంస్థ సంతకం చేసి పత్రం ఇస్తుంది. సర్వరు ప్రతిసారీ కొత్త చిక్కుప్రశ్న వేస్తుంది. తాళంచెవి ఉన్నవాళ్ళే జవాబు చెప్పగలరు. తాళంచెవి మాత్రం చెయ్యి దాటి పోదు. ఎస్తోనియా దేశంలో 2002 నుంచీ ఇస్తున్న గుర్తింపు కార్డుల్లో ఇదే ఏర్పాటు. భారతంలో నిండు సభలో, ఈమె నీ భార్యే, వీడు నీ కొడుకే అని పలికిన అశరీరవాణి ఇదే కదూ! ఉంగరం అక్కర్లేదు. కాని ఊరూరా అశరీరవాణిని నియమించడం, కార్డులు పంచడం, పోగొట్టుకున్నవాళ్ళవి రద్దుచేయడం చిన్న కాలేజీ వల్ల అయ్యే పని కాదు.

"ఇంతకీ ఏం చెయ్యమంటావు?" అన్నాను.

"ఏ దారైనా ఎక్కడో ఒకచోట గుర్తు ఉండక తప్పదు, మావయ్యా. కుకీ మానేసినంతమాత్రాన గుర్తు పోదు, ఇంకోచోటికి మారుతుంది. అది ఎవరి కంట పడుతుందన్నదే ప్రశ్న. మీ సైటుకు ముసుగు వేసిన కుకీ చాలు. అంతకన్నా ముఖ్యం, మార్కులు మార్చేముందు మళ్ళీ ఒకసారి పాస్‌వర్డు అడగాలి."

సీతమ్మ చేసిందీ అదే. హనుమంతుడికి చూడామణి ఇచ్చి ఊరుకోలేదు. తనకూ రాముడికీ మాత్రమే తెలిసిన కాకాసురుడి కథ కూడా చెప్పి పంపింది. నగ ఎవరి చేతికైనా చిక్కవచ్చు, కథ చిక్కదు.

వాడు రాసిచ్చిన కాగితం నా సంజాయిషీకి జతచేశాను. మా చరిత్ర మాస్టారు కూడా తానే కొట్టానని పెద్దమనసుతో సంతకం పెట్టారు. అమ్మాయి 23 అమ్మాయికి వచ్చాయి. డబ్బు ఒక నెల ఆలస్యంగా అందింది. ఆ నెలలో వాళ్ళు ఎవరి దగ్గర చెయ్యి చాచారో నేను అడగలేదు. సైటు ఇప్పుడు మార్చారు.

ఏటా శాకుంతలం చెప్పేటప్పుడు, ఉంగరం దొరికిన జాలరిని భటులు పట్టుకుని గద్దించే ఘట్టం దగ్గర పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వేవాణ్ణి. ఈ ఏడు నవ్వలేదు. ఆ భటులు మొరటువాళ్ళే గాని, ఇది నీకెక్కడిదిరా అని ఒక్క మాట అడిగారు. మా సైటు ఆ మాట కూడా అడగలేదు.

మీరూ ఎవరికైనా అడ్రసు పంపేముందు ప్రశ్నార్థకం తరవాత పొడుగాటి తోక ఉందేమో చూసుకోండి. ఉంటే అది కత్తిరించి పంపండి.